వాకిటి కుక్కకు వైద్యము

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవనిన పల్నాటి సీమలో ఊరి వెలుపలి మెట్టలన్నియు ఎఱ్ఱబడును. కోసిన మిరపకాయలను రైతులు కల్లములందు ఎండబోయుదురు. కాయలలోని తేమ పోవుటకు ఎన్నో దినములు పట్టును. అంతకాలము ఆ ఇంటివారి ఏడాది కష్టమంతయు ఆరుబయట పడియుండును. పగలు ఆడువారు కాయలను తిరుగవేయుచు తాలుకాయలు ఏరుచుందురు. రాత్రివేళ కల్లమునకు తోడు ఒక మంచము, ఒక దీపము, ఒక కుక్క. కాపువాడు కన్ను మూసినను కుక్క కన్ను మూయదు. పల్నాటి వీరుల కథలో కోడికి దొరకిన పేరు కుక్కకు దొరకలేదు గాని, పల్నాటి రైతునకు ఎక్కువ మేలు చేసినది కుక్కయే.

ఎద్దునకు జబ్బు చేసినచో రైతు ఊరకుండడు. కొమ్ము ఒకవైపునకు వ్రాలి, ఎద్దు తల విదల్చుచు, ఆ వైపు ముక్కునుండి నెత్తురు కార్చినచో అది కొమ్ము క్యాన్సరు కావచ్చునని పెద్దలు ఎఱుగుదురు. వెంటనే పశువైద్యుని పిలిపించి కొమ్మును మొదలంట తీయింతురు. ఎద్దును వేలు పోసి కొన్నారు గదా! కుక్కను ఎవరును కొనలేదు. అది తానై వాకిటికి వచ్చినది. కొనని ప్రాణికి ఖర్చుపెట్టుటకు చేయి రాదు. అట్టి కుక్కకు క్యాన్సరు వచ్చినప్పుడు ఇంటివారు ఏమి చేయవలెనో, ఏమి చేయగలరో తెలిసికొందము.

గురజాల దాపున ఒక పల్లెలో ఒక రైతు కుటుంబము కలదనుకొందము. ఇంటిలో తండ్రి, తల్లి, నాయనమ్మ, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక, ఆమె తమ్ముడు. వాకిట ఆరేండ్ల వయసుగల నల్లకుక్క. పిల్లలు దానిని మోతి యని పిలుతురు. పుష్యమాసమున ఒకనాటి ఉదయము మోతి తుమ్మగా గడపమీద నెత్తురు చుక్కలు పడినవి. వేడి చేసినదని తల్లి మజ్జిగ పోసినది. చెఱువునీరు త్రాగునపుడు ముక్కులో జలగ దూరియుండునని పొరుగువాడు చెప్పెను. ఈ మాట పూర్తిగా తీసివేయదగినది కాదు. అట్లు దూరుటయు కలదు. అయితే జలగకై చూచినవారు మాత్రము ఎవరును లేరు. పదునైదు దినములు గడచెను. నెత్తురు ఆగలేదు. ముక్కుదూలము ప్రక్క ఉబ్బెను. మోతి పండుకొన్నప్పుడు ఊపిరి గుఱ్ఱుమని చప్పుడు చేయసాగెను. అది గిన్నె యెదుట కూర్చుండి అన్నమును చూచును. వాసన తెలియక వెనుకకు పోవును.

అప్పుడుగాని వారు పశువైద్యశాలకు పోలేదు. డాక్టరు దీపము పెట్టి ముక్కుపుటములలో జలగకై వెదకెను. చెవులలోను, కాలివ్రేళ్ల సందులలోను పిడుదులున్నవేమో చూచెను. ఏలయనగా పిడుదుల కాటువలన వచ్చు ఒక జ్వరములోకూడ కుక్కకు ముక్కునుండి నెత్తురు కారును. రక్తపరీక్షలో అదియు కాదని తేలెను. పిమ్మట సన్నని సూదిని ఉబ్బులోనికి గ్రుచ్చి, వచ్చిన కొలది ద్రవమును గాజుపలకమీద పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. గుండ్రని కణములు గుంపులుగా కనబడెను. వానిలో నీటిబుడగలవంటి ఖాళీలుండెను.

“ఇది ఒక జాతి క్యాన్సరు” అని డాక్టరు చెప్పెను.

ఆ తరువాత ఆయన చెప్పిన మాటలేవియు తండ్రి చెవిని పడలేదు. ఆ ఇంటిలో ఆ పేరు క్రొత్తది కాదు. అయిదేండ్ల క్రిందట తాతకు గొంతు క్యాన్సరు వచ్చెను. వైద్యమునకు రెండెకరముల మెట్ట అమ్ముడుపోయెను, మనిషి దక్కలేదు. ఇంటికి వచ్చిన తరువాత నాయనమ్మ విషయము విని, “నాయనా, మీ అయ్యను తినిన రాచపుండు మరల మన గడప త్రొక్కినదా?” అని చాప మీద కూలబడెను. పొరుగువాడు వచ్చి, “పిల్లలున్న ఇల్లు. అంటుకొనగలదు. గోతాములో వేసి కాలువ అవతల వదలివేయుము” అనెను. తండ్రి అవునని అనలేదు, కాదనియు అనలేదు. పొయ్యి వెలిగెను గాని ఆ రాత్రి ఎవరును సరిగా భుజింపలేదు.

అందఱును పండుకొనుటకు పోవునప్పుడు బాలిక మెల్లగా అడిగెను: “నాయనా, తాతకు వచ్చినదియు మోతికి వచ్చినదియు ఒకటేనా?”

తండ్రికి తెలియదు. తెలియదని ఆమెతో చెప్పెను. మఱునాడు ఉదయమే ఆ ప్రశ్న పట్టుకొని మరల పశువైద్యశాలకు పోయెను.

ఒకటి కాదు. క్యాన్సరు అనునది ఒక రోగము పేరు కాదు. చాల రోగములకు కలిపి పెట్టిన పేరు. శరీరము కణములతో కట్టబడినది. కణములు అవసరమైనంతవఱకు పెరిగి, విభజనము చెంది, కాలము తీరగానే నశించును. ఏదో ఒక కణము ఈ కట్టుబాటు మీరి, ఆగక పెరిగి, ఇరుగుపొరుగు కండలను ఆక్రమించినచో దానినే క్యాన్సరు అందురు. ఎముకలో పుట్టినది ఒక తీరు, చర్మమున పుట్టినది మఱియొక తీరు. ఒకదానికి కత్తి చాలును. ఒకదానికి మందు పనిచేయును. ఒకదానికి ఏదియు చాలదు. కనుక పేరు వినగానే ఏడ్చుటయు, పేరు వినగానే ధైర్యము చెప్పుటయు రెండును తొందరపాటే. ఏ జాతి యను ప్రశ్నకు సమాధానము ముందు కావలెను.

మోతికి వచ్చినది కుక్కలకు మాత్రమే వచ్చు ఒక వింత కంతి. సాధారణముగ క్యాన్సరు అంటురోగము కాదు. ఒకరి క్యాన్సరు మఱియొకరికి సోకదు. ఈ కంతి మాత్రము ఒక కుక్కనుండి మఱియొక కుక్కకు సోకును. కుక్కలు జతకట్టునప్పుడు, ఒకదానినొకటి వాసన చూచునప్పుడు, పుండును నాకునప్పుడు కంతి కణములే ఊడి రెండవ కుక్క శరీరమున నాటుకొని మొలచును. 1876లో నొవిన్‌స్కీ యను రష్యా పశువైద్యుడు ఒక కుక్క కంతిలోని ముక్కను మఱియొక కుక్కకు అంటుకట్టి దీనిని రుజువు చేసెను. పిమ్మట స్టికర్ అను జర్మను వైద్యుడు దీనిని వివరముగ పరిశీలించినందున స్టికర్ కంతి యనియు పేరు వచ్చెను.

ఇంకొక వింత కలదు. కుక్క శరీరమందలి ప్రతి కణమునందును 78 క్రోమోసోములుండును. ఈ కంతి కణములలో అవి ఇంచుమించుగా 60 మాత్రమే. అనగా కంతి మోతి శరీరమున పుట్టినది కాదు, వేరొక కుక్కది. ఆ వేరొక కుక్క ఏది? 2019లో వెలువడిన ఒక పరిశోధనలో పలుదేశములనుండి తెచ్చిన 546 కంతులను పోల్చిచూచిరి. అవన్నియు ఒకే కుక్క సంతతియని, ఆ కుక్క 4,000 నుండి 8,500 ఏండ్ల క్రిందట ఆసియా ఖండమున జీవించినదని తేల్చిరి. ఆ కుక్క ఎన్నడో చనిపోయినది. దాని కణములు మాత్రము కుక్కనుండి కుక్కకు మారుచు నేటికిని బ్రతికియున్నవి. తాళ్లపల్లెలోని వీధికుక్కకును, సముద్రములకావలి వీధికుక్కకును వచ్చునది ఆ కంతియే.

ఇది మనుష్యులకు సోకదు. ఆవులకు, గేదెలకు, పిల్లులకు సోకదు. పొరుగువాని భయమునకు ఆధారము లేదు. అయితే ఊరిలోని తక్కిన కుక్కలకు సోకును గనుక, మోతిని గోతాములో వేసి కాలువ అవతల వదలినచో ఆ జబ్బును అవతలి ఊరికి పంపినట్లగును.

అన్నిటికన్న ముఖ్యమైన మాట డాక్టరు చివర చెప్పెను. కుక్కల క్యాన్సరులలో మందునకు బాగుగా లొంగునది ఇదియే. సరిగా వైద్యము జరిగినచో నూటికి తొంబది కుక్కలవఱకు పూర్తిగా కోలుకొనును. ఆ మందు పేరు విన్‌క్రిస్టీన్. అది బిళ్లగన్నేరునుండి వచ్చును.

బిళ్లగన్నేరును ఎఱుగని తెలుగు పల్లె లేదు. నీరు పోసినను పోయకున్నను బావిగట్టున, గోడవారను గులాబివన్నె పూవులు, తెల్లని పూవులు పూయుచునే యుండును. దాని పుట్టినిల్లు మడగాస్కరు దీవి. పలుదేశములలో నాటువైద్యులు మధుమేహమునకు దాని ఆకులు కాచి యిచ్చెడివారు. 1952లో జమైకా దీవినుండి ఒక వైద్యుడు కెనడాలోని తన మిత్రునకు ఇరువది యైదు ఆకులు కవరులో పెట్టి పంపెను. ఆయన వానిని తన సోదరుడును శాస్త్రజ్ఞుడునైన రాబర్టు నోబుల్‌కు ఇచ్చెను. నోబుల్ ఎలుకలపై పరీక్షించిచూడగా రక్తములోని చక్కెర తగ్గలేదు. తెల్ల రక్తకణములు మాత్రము మిక్కిలి తగ్గిపోయెను. ప్రయోగము చెడినదని అంతటితో విడిచియుండవచ్చును. నోబుల్ విడువలేదు. తెల్లకణములను తగ్గించునది తెల్లకణముల క్యాన్సరును ఏల తగ్గింపరాదని ఆలోచించెను. 1958లో చార్లెస్ బీర్ అను సహచరునితో కలిసి విన్‌బ్లాస్టీన్ అను మందును వేఱుచేసెను. దానికి తోబుట్టువైన విన్‌క్రిస్టీన్‌ను అమెరికాలో ఒక మందుల సంస్థ కనుగొనగా, 1963లో ఆ దేశమున అనుమతి లభించెను. పిల్లల రక్తక్యాన్సరునకు నేటికిని వాడుచున్న మందులలో అది యొకటి.

కణము రెండుగా చీలునప్పుడు లోపల సన్నని దారములు ఏర్పడి క్రోమోసోములను రెండు ప్రక్కలకు లాగును. విన్‌క్రిస్టీన్ ఆ దారములను ఏర్పడనీయదు. చీలలేని కణము చచ్చును. తఱచుగా చీలునది కంతి కణమే గనుక దానికి దెబ్బ ఎక్కువ తగులును. పేగుల పొరయందును, మూలుగయందును ఉండు మంచి కణములుకూడ తఱచుగా చీలుచుండును. వానికిని కొంత దెబ్బ తగులును. వాంతులు, ఆకలి తగ్గుట, తెల్లకణములు తగ్గుట అందువలననే కలుగును.

ఇచట ఒక లెక్క చూడుడు. మందు కుక్క బరువును బట్టి ఇయ్యవలెను. ఆ పశువైద్యశాలలో చిన్న జంతువులను తూచు పనిముట్టు లేదు. తండ్రి మోతిని ఎత్తుకొని మిరపబస్తాలు తూచు కాటాపై నిలిచెను: 76 కిలోలు. మోతిని దింపి తానొక్కడే నిలిచెను: 60 కిలోలు. మోతి బరువు 16 కిలోలు. కిలో బరువునకు 0.025 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క సూదికి 0.4 మిల్లీగ్రాములు కావలెను. ఒక గ్రాము మందు తీయుటకు సుమారు 500 కిలోల ఎండుటాకు పట్టును. ఆ లెక్కను మోతికి ఒక్క సూదిమందు అనగా 200 గ్రాముల ఎండుటాకు. ఈ లెక్క వినగానే నాయనమ్మ, “పెరటిలో గంపెడు ఉన్నది గదా, కాచి పోయుదును” అనెను. అది మాత్రము ఎన్నటికిని చేయరాదు. ఆకులో మందుతోపాటు అనేక విషపదార్థములు కలిసియుండును. మందుకూడ సిరలోనికే పోవలెను. ఒక్క చుక్క సిర వెలుపల కండలో పడినను అచట పుండుపడి కుళ్లును. అందుచేతనే డాక్టరు సూది వేయునప్పుడు మోతిని కదలకుండ పట్టుకొనుటకు ఇద్దఱు కావలసివచ్చెను.

తండ్రి మూడు ప్రశ్నలు అడిగెను. బ్రతుకునా? బాధపడునా? ఎంత యగును? వారమునకొకటి చొప్పున నాలుగు నుండి ఆరు సూదులు పట్టునని, బాధ ఉండునుగాని తాత పడినంత ఉండదని, లొంగకపోయినచో వేఱు మందు కలదని, ఖర్చు ఇంతయగునని డాక్టరు విప్పి చెప్పెను. మనుష్యులకు ఎట్లయినను రోగము నిర్మూలించవలెనని పెద్దమోతాదులు ఇత్తురు. జంతువులకు ఆ పద్ధతి వాడరు. నేటి దినము ఏలనో, రేపటి లాభమేమో కుక్కకు చెప్పి ఓర్పించుట సాధ్యము కాదు గదా! కనుక అది హాయిగా తిని తిరుగుటకు భంగము కలుగనంతవఱకే మోతాదు.

వైద్యము మొదలిడిరి. గాజుపలకను నిర్ధారణకై గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలకు పంపిరి. 1998లో నెలకొల్పబడిన ఆ కళాశాల ఈ ప్రాంతపువారికి పెద్ద ఆసరా. ఇంటివద్ద మోతిని తక్కిన కుక్కలతో కలియనీయక వసారాలో కట్టిరి. సూది వేసిన తరువాత కొన్ని దినములు మందు మూత్రమునందును, మలమునందును బయటికి వచ్చును. అందుచేత చిన్నవానిని దగ్గఱకు పోనీయలేదు. గర్భవతులుకూడ పోరాదు. తల్లి చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి ఆ చోటును శుభ్రపఱచి, చేతులు సబ్బుతో కడుగుకొనెడిది. బాలిక ఒక నోటుపుస్తకము పెట్టెను. మోతి ఎంత తినినది, నీరు త్రాగినదా, వాంతి చేసినదా, నెత్తురు పడినదా అని ప్రతిదినము వ్రాసెడిది. డాక్టరు ప్రతివారము మొదట ఆ పుస్తకమునే చూచెడివాడు.

మొదటి సూదికి నెత్తురు తగ్గెను. రెండవదానికి ఉబ్బు సగమయ్యెను. ఇంటిలో నవ్వులు వినబడెను. మూడవ వారమున మోతి రెండు దినములు అన్నము ముట్టలేదు. మూల ముడుచుకొని పడియుండెను. ఒళ్లు కాలుచుండెను. కుక్కకు మామూలుగనే మనకంటె వేడి ఎక్కువ. 102 డిగ్రీలవఱకు జ్వరము కాదు. ఆనాడు 104 ఉండెను. రక్తపరీక్ష చేయగా తెల్లకణములు ఘన మిల్లీమీటరునకు నాలుగువేలకు లోపుగా ఉండెను. అట్టప్పుడు సూది వేయరాదు. డాక్టరు సూది ఆపి, సూక్ష్మక్రిములను చంపు మందులు ఇచ్చెను. ఆ వారము ఇంటిలో కఠినముగ గడచెను. “మూగజీవిని బాధపెట్టుటకా ఈ ఖర్చు?” అని నాయనమ్మ అడుగగా తండ్రి బదులు చెప్పలేక కల్లమునకు పోయెను. ఉల్లిపాయ వేయని కోడిపులుసుతో వేడియన్నము కలిపి తల్లి చేతితో పెట్టగా, నాలుగవనాడు మోతి రెండు ముద్దలు తినెను. నోటుపుస్తకమున ఆ దినము ఒకే మాట యున్నది: “తినినది.”

అందఱి కుక్కలకు ఇట్టి అదృష్టము ఉండదు. దవడక్రింద, మోకాళ్ల వెనుక గ్రంథులు ఉబ్బు జాతి క్యాన్సరు కలదు; మందు లేకున్న ఒకటి రెండు నెలలు, మందులతో సుమారు ఏడాది. ఎముక క్యాన్సరు వచ్చిన పెద్దజాతి కుక్కలకు కాలు తీసినను రోగము ఊపిరితిత్తులకు ప్రాకుట తఱచు. ఆడుకుక్కల రొమ్ముకంతులలో సగము మంచివే. తక్కిన సగమునకు తొందరగా కత్తి పడవలెను. మొదటి ఎదకు ముందే సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించినచో ఆ కంతులు చాల అరుదు. అట్టి జబ్బులలో మందు ఇచ్చునది కొంత కాలమును మాత్రమే.

కొంతకాలమే యని దానిని తేలికగా చూడరాదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణమున అమెరికాలో తయారైన అమినోప్టెరిన్ అను మందును 1947లో బోస్టను నగరమున డాక్టరు ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇయ్యగా, వారిలో కొందఱు లేచి ఆడుకొనిరి. ఆ ఊరట కొన్ని నెలలే నిలిచెను. నేటి వైద్యమంతయు ఆ కొన్ని నెలలనుండియే పెరిగినది.

మందు పనిచేయక, కుక్క తినక, లేవక, నొప్పితో మూలుగుచున్నప్పుడు నొప్పిలేని నిద్రమందుతో దానిని సాగనంపుటయు వైద్యుని పనియే. దానిని ఎప్పుడు అడుగవలెనో ఇంటివారు ముందే మాటాడుకొనుట మంచిది. మంచి దినములు ఎన్ని, చెడ్డ దినములు ఎన్ని అని నోటుపుస్తకము చూచినచో తెలియును. పిల్లలకు, “ఎవరో పెంచుకొనుటకు తీసికొనిపోయిరి” అని చెప్పు పెద్దలు కలరు. పిల్లలు దానికై వీధులు వెదకుచునే యుందురు. మోతి యింట ఆ అవసరము రాలేదుగాని, మూడవ వారమున తండ్రి బాలికను పిలిచి, “అమ్మాయీ, బ్రతుకకపోవచ్చును” అని దాచకయే చెప్పెను. ఆమె ఏడ్చెను. ఏడ్చి, పుస్తకము తీసి ఆనాటి సంగతి వ్రాసెను.

వారము ఆలస్యముగ మూడవ సూది, తరువాత నాలుగవది, అయిదవది పడెను. ఉబ్బు పోయెను. మరల గ్రుచ్చి చూచిన గాజుపలకపై ఆ గుండ్రని కణములు కనబడలేదు. ముక్కుదూలము మాత్రము ఒకప్రక్కకు కొంచెము సొట్టపడియే యుండెను. మొఱుగు మునుపటివలె లేదు; కొంత బొంగురుపోయెను. మూడు నెలలకు మరల చూపింపుమని డాక్టరు చెప్పగా బాలిక ఆ తేదీని పుస్తకపు వెనుక అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసికొనెను.

ఫాల్గుణమున కాయలు బస్తాల కెత్తుటకు ముందు తండ్రి మోతిని కల్లమునకు తీసికొనిపోయెను. మిరపఘాటునకు అది నాలుగుమాఱులు తుమ్మెను. తండ్రి దీపము దగ్గఱకు తెచ్చి పట్టాపై వంగి చూచెను. నెత్తురు లేదు.